క్లారక్క చుట్టాలతో ఆదిలాబాదు దాకా

నేను తెనాలి కాలేజీలో ముప్పై ఏళ్లు ఇంగ్లిషు చెప్పాను. విక్టోరియా రాణి కాలంలో ఆడవాళ్లు రాసి, ఆడవాళ్లే అద్దెకు తెచ్చుకుని చదివిన నవలల మీద పరిశోధన చేశాను. అవి పండితులు మెచ్చిన నవలలు కావు. దిండు కింద దాచుకునే రకం. వాటిలో పెళ్లిళ్లు ఎక్కువ, సుఖపడేవాళ్లు తక్కువ. నా గ్రంథాన్ని నేనూ, మా గైడూ, టైపు చేసినాయనా తప్ప నాలుగో మనిషి చదివిన దాఖలా లేదు.

రిటైరయ్యాక అలాంటి నవల ఒకదాన్ని తెలుగు చేసి, రోజుకు పావుగంట చొప్పున ఫోనులో చదివి పంపడం మొదలుపెట్టాను. నా పాత విద్యార్థిని రజిత ఇప్పుడు కరీంనగర్‌లో లెక్చరరు. దానికోసం తనే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. కథ క్లారా అనే అమ్మాయిది. భర్త వజ్రాల గనుల్లో సంపాదిస్తానని దక్షిణాఫ్రికా వెళ్తాడు. ఆరేళ్లు కబురుండదు. ఆమె తనకు పెళ్లే కాలేదని చెప్పి ఒక డాక్టర్ని చేసుకుంటుంది. సరిగ్గా అప్పుడు మొదటి భర్త ఓడ దిగుతాడు.

ఇంగ్లండు వాళ్ల గొడవ ఇక్కడెవరికి పడుతుందిలే అనుకున్నాను. లక్సెట్టిపేట నుంచి గంగమణి అనే ఆవిడ గొంతు మెసేజీ పెట్టింది. "మా దిక్కు ఇంటికొకడు దుబాయో మస్కటో పోయినోడే మేడం. క్లారక్క మాకు ఎరికున్న మనిషే." ఆ రోజు నుంచి గ్రూపులో క్లారా పేరు క్లారక్క అయింది.

నూట ఇరవై భాగాలు అయ్యేసరికి గంగమణి మళ్లీ మెసేజీ పెట్టింది. "జర మా ఊరికి రాండ్రి మేడం. ఒక పెండ్లి ముచ్చట ఉన్నది. మీరే పెద్దమనిషి." సన్మానం చేస్తారేమోనని కొత్త చీర కూడా సర్దుకున్నాను.

కరీంనగర్: మూడు వాక్యాల పరిశోధన

దారిలో రజిత తన కాలేజీలో నాచేత గంటసేపు మాట్లాడించింది. ఆ కాలంలో పెళ్లయిన ఆడదాని జీతం, ఆస్తి, చివరికి పిల్లలు కూడా భర్తవేనని చెప్పాను. వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచింది.

"మేడం, ఆయన తిరిగొచ్చినంక కేసు ఎవల మీద అయితది?"

"క్లారా మీద. భర్త బతికుండగా పెళ్లి చేసుకుంది కాబట్టి."

"మరి ఆరేండ్లు జాడ పత్తా లేకుంట పోయినందుకు ఆయన మీద?"

"దానికి కేసు లేదమ్మా."

అమ్మాయిలు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నాలుగు వందల పేజీల్లో నేను చెప్పింది కూడా అంతే.

సాయంత్రం రజిత అత్తగారు సర్వపిండి చేశారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె లోపలే చేత్తో వత్తి కాలుస్తారు. మా వైపు దీన్ని తపేలా చెక్క అంటామన్నాను. "పేరు మారిస్తే మీదయితదా?" అని ఆవిడ ఇంకోటి వేశారు. మూడోది నేనే అడిగాను.

మర్నాడు లక్సెట్టిపేట బస్సెక్కి, ఇక్కడి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదని విన్నాను కనక దర్జాగా ఆధార్ కార్డు చూపించాను. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, గిది గుంటూరు కార్డు. గీ కార్డుకు పైసలు పడతయి."

బస్సులో ఆడవాళ్లు నలభైమంది దాకా ఉన్నారు. టికెట్టు కొన్నది నేనొక్కదాన్నే. పక్కన మిరపకాయల సంచితో కూర్చున్నావిడ నన్ను ఓదార్చింది. "ఫికర్ జేయకు అక్కా. బస్సంత నీ పైసల మీదనే నడుస్తున్నది." రాయపట్నం వంతెన మీద గోదావరి దాటేటప్పుడు, కిటికీ దగ్గరి సీటు నాకిమ్మని ఆవిడే పక్కవాళ్లను లేపింది. డబ్బిచ్చినదాన్నట.

లక్సెట్టిపేట: క్లారాకు రక్తం తక్కువ

గంగమణి వాళ్ల ఇంటి వరండాలో ఏడుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. మధ్యలో ఒక స్టీలు చెంబు, దానికి ఆనించిన ఫోను. నా గొంతు రోజూ పలికేది ఆ చెంబు దగ్గరే అన్నమాట. నన్ను చూసి ఎవరూ లేవలేదు. చేతులు ఆపకుండానే పలకరించారు. కొత్త చీర కట్టుకోవాల్సిన పనేమీ కనిపించలేదు.

గంగమణికి ముప్పై అయిదేళ్లు ఉంటాయి. మాట్లాడుతూనే తునికాకును కత్తెరతో ఒకే కొలతకు కత్తిరిస్తుంది. భర్త మల్లేశం పదకొండేళ్ల కింద మస్కట్ వెళ్లాడు. రెండేళ్లు ఫోన్లు చేశాడు, తర్వాత లేదు. అటునుంచి వచ్చిన ప్రతివాడికీ ఆమె అతని ఫొటో చూపించి అడిగింది. ఇక లేడనే అందరూ అనుకున్నారు. పిల్లలు లేరు, పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఇన్నేళ్లుగా ఆ ఇంట్లో ఆమె, అత్తగారు రాజవ్వ, ఇద్దరే.

వాళ్లకు నన్ను అడగాల్సినవి చాలా ఉన్నాయి.

"క్లారక్క మాటిమాటికి సొమ్మసిల్లి పడిపోతది. ఏం బీమారి?"

నడుముకు బిగించే బట్టల గురించి, ఆ కాలపు నాజూకు గురించి వివరించబోయాను. రాజవ్వ మధ్యలోనే తేల్చేసింది. "రక్తం తక్కువున్నది పోరికి. గోంగూర పెట్టాలె."

"డాక్టరు ఆమె ముంగట మోకాళ్ల మీద ఎందుకు కూసున్నడు? ఏమన్న పారేసుకున్నడా?"

"పెళ్లి చేసుకొమ్మని అడగడానికి అలా కూర్చుంటారు."

అందరూ పడీపడీ నవ్వారు. తన మొగుణ్ని ఆ భంగిమలో ఊహించుకున్న ఒకావిడ చాటలో తంబాకు ఒలకబోసుకుంది.

తర్వాత చివర చెప్పమని పట్టుబట్టారు. ఎంత తప్పించుకున్నా వదల్లేదు. చెప్పేశాను. ఆఖరి భాగంలో క్లారా జ్వరం వచ్చి చనిపోతుంది.

చేతులు మొదటిసారి ఆగాయి.

"ఏం జ్వరం?" అంది గంగమణి.

"అది... రాయలేదు."

"రెండో మొగడు డాక్టరే గద మేడం?"

ముప్పై ఏళ్లలో ఈ ప్రశ్న నాకు తట్టలేదు. ఆ రోజుల్లో భర్త విడిచిపెట్టిపోయినా ఆడదానికి విడాకులు దొరకడం చాలా కష్టమని, ఇద్దరు మొగుళ్ల చిక్కు విప్పడానికి రచయిత్రికి జ్వరం తప్ప దారి లేదని చెప్పాను. వాళ్లు ఒప్పుకోలేదు. రాసినావిడ పని తెలియని మనిషని తీర్మానించి మళ్లీ ఆకు అందుకున్నారు.

పెళ్లి మాట భోజనాలయ్యాక బయటపడింది. పెళ్లికూతురు గంగమణే. పెళ్లికొడుకు మా గ్రూపులో ఉన్న ఒకే ఒక మగాడు, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగు మిల్లు కాంటా దగ్గర పనిచేసే విఠల్. భార్య పోయి అయిదేళ్లయింది. నాకు గుర్తొచ్చింది. ఆ విఠలే ఒకరోజు గ్రూపులో, క్లారా మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదు గానీ ముందే భర్త ఉన్న సంగతి డాక్టరుకు దాచడం తప్పు అన్నాడు. గంగమణి పోట్లాటకు దిగింది. "చెప్తే చేసుకుంటుండెనా?" అంది. "అడిగితే గద తెలిసేది," అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ పోట్లాటను విడిగా సాగించుకున్నారని నాకిప్పుడు తెలిసింది.

"నీ కథతోని కుదిరిన సోపతి. పెద్దమనిషివి నువ్వే," అంది రాజవ్వ. "రేపు ముగ్గురం పోదాం. ఇల్లు చూసొద్దాం."

కోడలి పెళ్లికి అత్తగారే సంబంధం చూడ్డానికి బయల్దేరడం మా వైపు వినలేదన్నాను.

"మరెవలు పోవాలె? ఆమెకు అవ్వ లేదు, బాపు లేడు. నీకు పెండ్లయిందా?"

"లేదు రాజవ్వగారూ."

"గీ పుస్తకాలు చదివి భయపడ్డవా? నన్ను గారు గీరు అనకు, ఎవలో సర్పంచిని పిలిచినట్టున్నది."

నిర్మల్: రాజవ్వ రొట్టె తినలేదు

జన్నారం, ఖానాపూర్ మీదుగా వెళ్లే బస్సు సగం దూరం టేకు చెట్ల మధ్యనే నడిచింది. నేను మళ్లీ టికెట్టు కొన్నాను. రాజవ్వ ఈసారి నా కార్డు తీసుకుని కండక్టరుతో బేరమాడి చూసింది, కుదరలేదు.

నిర్మల్‌లో మధ్యాహ్నం దిగాం. విఠల్ ఇంట్లో ఉండే అతని అక్కకు ఏదైనా తీసుకెళ్లాలని గంగమణి బొమ్మల దుకాణంలోకి వెళ్లింది. కొయ్యతో చేసిన జామకాయలు, మామిడిపళ్లు, జింకలు. జామకాయ మీద పక్షి కొరికిన గుర్తు కూడా రంగుతో వేశారు. నేను రెండు కొన్నాను, రెండొందల యాభై. ఎదురుగా ఉన్న హోటల్లో రాజవ్వా నేనూ కూర్చున్నాం. రొట్టె వచ్చింది. ఆమె ముట్టుకోలేదు.

"టీచరమ్మా, నీ కథల గా ముసలామె లేదూ, కొడుకు ఉత్తరం పొయ్యిల ఏసింది."

ఉంది. నూట ఇరవయ్యో భాగం. క్లారాను వదిలి వెళ్లిన భర్త నాలుగో ఏట ఒక ఉత్తరం రాస్తాడు. అతని తల్లి దాన్ని కోడలికి చూపించకుండా తగలబెడుతుంది. ఆ తల్లి దుర్మార్గం మీద నా గ్రంథంలో అయిదు పేజీలు రాశాను.

"అది విన్నకాడికెల్లి నాకు అన్నం సయిస్తలేదు," అంది రాజవ్వ.

నాలుగేళ్ల కింద, గంగమణి బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లినప్పుడు, మస్కట్ నుంచి వచ్చిన ఒకతను ఇంటికొచ్చి ఫోను కలిపాడట. మల్లేశం మాట్లాడాడు. అక్కడే ఇంకో ఆమెను చేసుకున్నాడు, ఒక ఆడపిల్ల కూడా. అవ్వా, గంగమణికి చెప్పకు అన్నాడు. రాజవ్వ చెప్పలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

ఆమె రొట్టె పళ్లెం పక్కకు జరిపింది. "చెప్తే పోతదనుకున్న. ఆమె పోతే ఇంట్ల నేనొక్కదాన్ని. ఇప్పుడు ఆమెకు పెండ్లి చేస్తే నా తప్పు పోతదనుకున్న. కానీ వాడు బతికే ఉన్నడు. క్లారక్కకు అయినట్టే అయితే? కేసు నా కోడలి మీదనే అయితది గద?"

అవుతుంది. విడాకులు లేకుండా చేసుకుంటే చిక్కు ఆమెకేనని చెప్పాను.

"నువ్వు చెప్పు ఆమెకు. చదువుకున్నదానివి."

చెప్పనన్నాను. అయిదు పేజీలు రాసినప్పుడు నాకెంత ధైర్యముందో, అప్పుడు అంత భయం వేసింది. కానీ ఆదిలాబాద్ చేరకముందే మీరే చెప్పాలని మాత్రం గట్టిగా అన్నాను. గంగమణి కొయ్య జింకల జత పట్టుకుని నవ్వుతూ వచ్చింది. ఒక కొమ్ము కాస్త వంకరగా ఉందని యాభై తగ్గించిందట.

ఘాటు మీద

నిర్మల్ దాటి ఘాటు రోడ్డు ఎక్కాక రాజవ్వ లేచి వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. నేను రెండు వరసల వెనక ఉన్నాను. నాకు కనిపించింది రెండు తలలు, అంతే. ముసలితల వంగి చెబుతోంది. రెండో తల కిటికీ వైపు తిరిగింది. అయిదారు మలుపుల దాకా మళ్లీ ఇటు తిరగలేదు.

ఇచ్చోడలో కొందరు దిగారు. గంగమణి లేచి నా పక్కకు వచ్చింది.

"మీకు ఎరికేనా మేడం?"

"ఇవాళ మధ్యాహ్నమే తెలిసింది."

"నాలుగేండ్లు," అంది. "ఒక్కొక్క పండుగకు ఆయన పేరు మీద దీపం పెట్టిన. ఆమె పక్కకే నిలబడ్డది."

తిరిగి వెళ్లిపోదామా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. "విఠల్ మన కోసం చూస్తుండు. రానని ఫోన్ల చెప్పుడు మంచిగుండదు."

ఆదిలాబాద్: గుంటూరు మనిషి ఓటమి

పత్తి మార్కెట్టు కాలం. రోడ్డు పక్క ముళ్లకంపలకు కూడా దూది పట్టుకుని ఉంది. విఠల్ బస్టాండుకు వచ్చాడు. సన్నగా, కనుబొమ్మల మీద కూడా దూదితో ఉన్నాడు. నా గొంతు వినగానే నవ్వాడు. "నాలుగు నెలలాయె మేడం, రోజు మీతోనే చాయ తాగుతున్న."

వాళ్ల అక్క సుమన్ బాయి గుమ్మంలోనే "బసా తాయీ, బసా" అంటూ పీటలు వేసింది. ఆ ఇంట్లో సగం వాక్యం మరాఠీ, సగం తెలుగు. వేడి జొన్నరొట్టెలు, శనగపిండి పిఠ్లం, పక్కన పచ్చగా ఏదో చట్నీ. మా గోంగూర లాగే ఉందనిపించి పెద్ద ముక్కకు దట్టంగా పట్టించాను. "జర చూసి తినండ్రి," అన్నాడు విఠల్. గుంటూరు జిల్లా మనిషిని, నాకు కారం చెబుతారా అన్నాను. అది వెల్లుల్లి వేసి దంచిన ఉత్త పచ్చిమిరపకాయల ముద్ద. నాకు కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి.

గంగమణి పళ్లెం ముట్టుకోలేదు.

"తినకముందుగాల ఒక మాట చెప్పాలె," అంది. "మా ఆయన బతికే ఉన్నడట. అక్కడ ఇంకొకామెను చేసుకున్నడట. నాకు గంట కింద తెలిసింది. మీకు ఇప్పుడు చెప్తున్న."

గదిలో అందరూ నా వైపు చూశారు. నా కళ్లు ధారగా కారుతున్నాయి. సుమన్ బాయి నా భుజం మీద చెయ్యి వేసి ఏడవొద్దంది. మిరపకాయ అని చెప్పడానికి నాకు గొంతు లేదు.

"మరి నవరా బతికి ఉన్నంక పెండ్లి ఎట్లయితది?" అంది సుమన్ బాయి. నవరా అంటే భర్త. ఆవిడ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

విఠల్ రొట్టె తుంచి, మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. "గా డాక్టరుకు ఎవ్వలు చెప్పలే," అన్నాడు చివరికి. "మీరు చెప్పిన్రు."

నీళ్లు తాగి గొంతు తెచ్చుకుని నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పాను. భర్త వదిలిపెట్టి పోయాడు, ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఇవి విడాకులు అడగడానికి సరిపోయే కారణాలు. అతను రాకపోయినా కోర్టు తీర్పు ఇవ్వగలదు. కానీ నెలలు పడుతుంది, ఏడాదైనా పట్టొచ్చు. క్లారాకు ఆ దారి లేదు.

"మనకు కోర్టు ఉన్నది గద," అంది గంగమణి. "జ్వరం ఎందుకు రావాలె?"

"రెండు పత్తి సీజన్లయినా ఆగుత," అన్నాడు విఠల్.

గోడకు ఆనుకుని కూర్చున్న రాజవ్వ అంది. "వాడు బతికున్నడని తెలిసింది నాకొక్కదానికే. వాని గొంతు విన్నది నేనొక్కదాన్నే. నేను సాక్ష్యం చెప్త."

గంగమణి ఆమె వైపు చూడలేదు. నా వైపు తిరిగి, "ఆమెను తినమనండ్రి మేడం. పొద్దటికెల్లి ఏం తినలే," అంది.

తిరుగు దారి, ఆ తర్వాత

తిరుగు ప్రయాణంలో ముగ్గురి సీటులో మధ్యన నేను కూర్చున్నాను. ఒకరికి నీళ్లు కావాలన్నా, ఇంకొకరికి కిటికీ మూయాలన్నా నాతోనే చెప్పారు. అంత చిన్న దూరానికి అంత అనువాదం నేనెప్పుడూ చేయలేదు. లక్సెట్టిపేటలో దిగేటప్పుడు కొయ్య జామకాయ ఒకటి రాజవ్వకిచ్చాను. పంటితో కొరికి చూసి సంచిలో వేసుకుంది.

ఇంటికొచ్చి మిగిలిన భాగాలు ఉన్నవి ఉన్నట్టే చదివి పంపాను. మార్చే హక్కు నాకు లేదు. క్లారా పోయిన రోజు గ్రూపు నిండా గొంతు మెసేజీలు వచ్చాయి, అన్నీ రచయిత్రికి తిట్లే.

రజిత ఒక లాయరమ్మను చూసిపెట్టింది. కేసు ఏడాది దాటింది. మల్లేశానికి నోటీసులు వెళ్లాయి, జవాబు రాలేదు. రాజవ్వ సాక్ష్యం రోజు రజిత కూడా వెళ్లింది. కన్నకొడుకుకు వ్యతిరేకంగా చెబుతున్నావు, ఎవరైనా బలవంతం చేశారా అని అక్కడ అడిగారట.

"నాలుగేండ్లు నోరు మూసుకున్న సారూ, అప్పుడు ఎవ్వలు అడగలే," అందట రాజవ్వ. "ఇప్పుడు తెరిస్తే అడుగుతున్రు."

ఆ సాయంత్రం గంగమణి నాకు ఫోను చేసింది. "ఇన్ని దినాలకు ఆమెతోని మాట్లాడిన మేడం."

"ఏమన్నావు?"

"చాయ తాగుతవా అన్న. రెండు కప్పులు తాగింది."

తీర్పు వచ్చింది. అప్పీలు గడువు ముగిసేదాకా కూడా ఆగి, ఈ మధ్యనే రిజిస్టరు పెళ్లి చేసుకున్నారు. నేను వెళ్లలేకపోయాను, మోకాలికి ఆపరేషను. పత్తి కాలంలో ఆదిలాబాద్, మిల్లు మూతపడ్డాక లక్సెట్టిపేట అని ఒప్పందం. రాజవ్వ రెండుచోట్లకూ వెళ్తుంది. ఆ సంగతి విఠలే ముందు అన్నాడట.

సాక్షిగా వేలిముద్ర వేసింది రాజవ్వే. రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా ఏం వరసవుతావని అడిగాడట. అత్తనన్నది. పెళ్లికొడుకు తల్లివా అన్నాడట. కాదు, పెండ్లిపిల్ల అత్తను అందట. గుమాస్తా కలం పక్కన పెట్టి, మొదటినుంచి చెప్పమన్నాడు. రాజవ్వ కుర్చీ దగ్గరికి జరుపుకుని మొదటినుంచే చెప్పింది. మస్కట్, బీడీలు, ఫోను, నిర్మల్ హోటలు, తన తప్పుతో సహా ఏదీ వదల్లేదు. బయట వరసలో ఉన్నవాళ్లు కూడా ఒక్కొక్కరే లోపలికి వచ్చి నిలబడి విన్నారని గంగమణి చెప్పింది.

"మీకన్న మంచిగ చెప్పింది మేడం," అంది. నేను కాదనలేదు.